బుజ్జీ, రిజిస్టర్ పోస్టు వస్తే సంతకం పెట్టి తీసుకో

బుజ్జీ,

గాజువాక నుంచి అసెంబ్లీకి నిలబడతానన్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో ఏడ్చింది. దాన్ని కసిరాను గానీ, ఫోన్ పెట్టాక నాకూ నిద్ర పట్టలేదు. మన ఇంట్లో మళ్లీ ఒకరు కండువా వేసుకుంటున్నారని పొంగు, ఆ ఒకరు నువ్వే కావాలా అని గుబులు.

ముందు చిన్న పనులు. పాతికేళ్లు నిండాయి, సరే. మాదాపూర్‌లో ఉన్నప్పుడు ఓటు అక్కడికి మార్చుకున్నావు కదా, వెంటనే ఇటు తెచ్చుకో. ఈ రాష్ట్రంలో ఓటు లేనివాళ్లు ఇక్కడి అసెంబ్లీకి నిలబడలేరు. డిపాజిట్ 10,000. అఫిడవిట్‌లో ఒక్క గడీ ఖాళీగా వదలకు. స్టీల్ ప్లాంటు గురించి నోరు జాగ్రత్త. అది కేంద్రానిది, దాన్ని ప్రైవేటుపరం చేయడం ఎమ్మెల్యే సంతకంతో ఆగేది కాదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ఫ్యాక్టరీ. నాకప్పుడు పన్నెండేళ్లు, ఊరేగింపులోకి పోతానని మీ తాతయ్య గదిలో పెట్టి గొళ్లెం వేశారు. లేనిపోని హామీలిస్తే, ప్లాంటుకి భూములిచ్చి, ఉద్యోగాల కోసం ఆర్ కార్డులు (పునరావాస కార్డులు) పట్టుకు తిరిగే నిర్వాసితులు మొహం మీదే అడుగుతారు. అడగాలి కూడా.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకీ పూర్తిగా తెలీదు.

1999లో నేను ఇండిపెండెంట్‌గా నిలబడ్డాను. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాలేదు, డిపాజిట్ పోయింది. సిగ్గుతో నెల రోజులు గడప దాటలేదు. మైకుల కుర్రాడు, ఆటోలవాళ్లు, టిఫిన్లు పంపినాయన బిల్లులు పట్టుకొస్తే మీ అత్త గుమ్మంలో నిలబడి "ఊళ్లో లేరు" అనేది. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి, ఓడినవాళ్లయినా సరే. తెలియక కాదు. రసీదులన్నీ చెప్పుల డబ్బాలో, డబ్బా మంచం కింద. దాని వంక చూడబుద్ధి కాలేదు. కొన్నాళ్లకి రిజిస్టర్ పోస్టు వచ్చింది. అప్పులవాళ్ల లాయరు నోటీసనుకుని, లేనని చెప్పించి తిప్పి పంపేశాను. అది ఎన్నికల సంఘం అడిగిన సంజాయిషీ.

2004లో ఒక పార్టీవాళ్లు ఇంటికొచ్చి బీఫారం ఇస్తామన్నారు. నాలుగేళ్లు రేషన్ కార్డులనీ, పెన్షన్లనీ జనంతో ఆఫీసుల చుట్టూ తిరిగినందుకు వచ్చిన పిలుపు. అత్త పాయసం చేసింది. మర్నాడు వాళ్ల లాయరు ఒక జాబితా తీసి నా పేరు చూపించాడు. లెక్కలు ఇవ్వనందుకు, సంఘం ఉత్తర్వు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు అనర్హుణ్ణి. గడువు తీరడానికి ఇంకా ఏడు నెలలుంది. టికెట్ ఇంకొకరికి వెళ్లింది. ఆ తర్వాత ఎవరూ మన గుమ్మం ఎక్కలేదు.

ఒక్క పూట కూర్చుంటే అయిపోయే పని, బుజ్జీ. మొద్దు వెధవని.

నామినేషన్‌కి ముందే ఎన్నికల ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా తెరువు. ఇప్పుడు పరిమితి 40 లక్షలు. ఏ రోజుది ఆ రోజే రాయాలి. ఆ రిజిస్టరు ఇంకెవరికీ ఇవ్వకు, నాకివ్వు. కళ్లు మసకే గానీ అంకెలు బానే కనిపిస్తాయి.

పదో తరగతిలో లెక్కల మార్కులు తగ్గాయని మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక దాక్కున్నావు, గుర్తుందా? చీకటి పడ్డాక నేనే వెతికి తెచ్చాను. ఆ బుద్ధి నీకు మా వైపు నుంచే వచ్చింది. ఓడినా తట్టుకుంటాను గానీ, నువ్వు మళ్లీ దాక్కుంటే వెతకడానికి ఇప్పుడు నేను మెట్లెక్కలేను తల్లీ.

ఆదివారం భోజనానికి రా. అత్త వంజరం తెప్పిస్తానంది. ఓటరు కార్డు తెచ్చుకో.

మావయ్య