మొక్కలంటే ప్రాణం పెట్టే అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. కాలవ గట్ల మీద మొక్కలు కోసుకొచ్చి నోట్సుల్లో దాచుకుంటుంది. ఈమధ్య ఫిగ్‌వర్ట్ అనే మొక్క గురించి చదివింది. అప్పటినుంచి మూలికల మీదే చదువుకుంటానంటోంది. నేనేమో నీట్ లాంగ్‌టర్మ్‌లో చేర్పిద్దామనుకున్నాను. బంధువులు ‘చెట్లు అన్నం పెడతాయా’ అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. దారి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: అమ్మాయి ఇష్టపడ్డ మొక్క సంగతి ముందు చెబుతాను. మీ నిర్ణయానికి దానితో పని ఉంది. ఫిగ్‌వర్ట్ శాస్త్రీయ నామం స్క్రోఫులేరియా. ఆ పేరు స్క్రోఫులా అనే జబ్బు నుంచి వచ్చింది. మన వైద్యులు గండమాల అనేది దాన్నే. మెడ చుట్టూ గడ్డలు కట్టే జబ్బు. ఈ మొక్క వేళ్లు గడ్డలు గడ్డలుగా ఉంటాయి కాబట్టి ఆ గడ్డలకు ఇదే మందని యూరప్‌లో పాతకాలం వాళ్లు నమ్మారు. ఆ గడ్డలు ఎక్కువగా టీబీ వల్ల వస్తాయని తర్వాత తేలింది. అవి తగ్గాలంటే టీబీ మందులే వాడాలి.

ఒకప్పుడు ఫిగ్‌వర్ట్ కుటుంబంలోనే లెక్కేసిన ఇంకో మొక్క ఫాక్స్‌గ్లోవ్. ఒళ్లంతా నీరు పట్టిన రోగులకు ఒక ముసలమ్మ ఇరవైకి పైగా మూలికలు కలిపి కషాయం ఇచ్చేది. విలియం విథరింగ్ అనే ఇంగ్లిష్ డాక్టర్ అందులో పనిచేసేది ఫాక్స్‌గ్లోవ్ ఒక్కటేనని పట్టుకున్నాడు. దాదాపు పదేళ్లు రోగుల్ని గమనించి, ఎంత మోతాదు ఇవ్వాలో, ఎవరికి పనిచేయలేదో కూడా రాసి 1785లో పుస్తకం వేశాడు. గుండె జబ్బులకు నేటికీ రాస్తున్న డిగాక్సిన్ ఆ జాతి మొక్క నుంచి వచ్చిందే. మోతాదు కాస్త మించితే అదే విషం. ఆ ముసలమ్మకు మొక్క తెలుసు. విథరింగ్‌కు మొక్కతోపాటు లెక్క కూడా తెలుసు. మీ అమ్మాయికి ఆ రెండోది నేర్పే చదువు కావాలి.

కాబట్టి అమ్మాయిని ఒక మాట అడగండి. మొక్క చేతిలోకి తీసుకున్నప్పుడు ‘ఇది ఎవరికి నయం చేస్తుంది’ అనిపిస్తుందా, ‘ఇందులో ఏముంది’ అనిపిస్తుందా?

మొదటిదైతే బీఏఎంఎస్, అంటే ఆయుర్వేద డాక్టర్ కోర్సు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. దీనికీ నీట్ రాయాల్సిందే కాబట్టి ఆ ప్రిపరేషన్ వృథా పోదు. మీ పక్కనే విజయవాడలో నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. ఈ ఏడాది నీట్ ఎలాగూ రాయించండి. ఇష్టం లేకుండా లాంగ్‌టర్మ్‌లో మాత్రం కూర్చోబెట్టొద్దు.

రెండోదైతే ఈఏపీసెట్ రాసి బీఫార్మసీలో చేరడం నా దృష్టిలో మంచి దారి. నాలుగేళ్ల కోర్సు. ఫార్మకాగ్నసీ, అంటే మొక్కల నుంచి వచ్చే మందుల శాస్త్రం, అందులో ఒక సబ్జెక్టు. తర్వాత దాంట్లోనే ఎంఫార్మసీ చేయొచ్చు. బీఎస్సీ బోటనీ కూడా మంచిదే కానీ డిగ్రీతో ఆగిపోతే ఉద్యోగం కష్టం. ఎమ్మెస్సీ, ఆపైన పరిశోధనకు, లెక్చరర్ ఉద్యోగానికి అర్హత ఇచ్చే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష దాకా వెళ్లే ఓపిక ఉండాలి.

అన్నం సంగతి అడిగారు. ఆయుర్వేద మందులు తయారుచేసే యూనిట్లు ప్రభుత్వ ఔషధ నియమాల్లోని షెడ్యూల్ టి నిబంధనలు పాటించాలి. నాణ్యత పరీక్షించే విభాగంలో ఆయుర్వేద నిపుణుడు, కెమిస్టుతోపాటు మొక్కను గుర్తుపట్టే నిపుణుడూ ఉండాలని వాటిలో రాసుంది. ఎందుకంత పట్టింపు అంటే, బ్రాహ్మినే చూడండి. సరస్వతి ఆకును కూడా చాలామంది బ్రాహ్మి అనే పిలుస్తారు. మన ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథం ప్రకారం బ్రాహ్మి అంటే బకోపా. దాని ఆకులు చిన్నవి, మందంగా, కాడ లేకుండా ఎదురెదురుగా ఉంటాయి. సరస్వతి ఆకు గుండ్రంగా, పొడుగాటి కాడతో ఉంటుంది. ఎండబెట్టి పొడి చేశాక కంటితో తేడా కనిపెట్టలేం. మైక్రోస్కోపు కావాలి. బకోపా కూడా ఒకప్పుడు ఫిగ్‌వర్ట్ కుటుంబంలోదే. డీఎన్ఏ పరిశోధనల తర్వాత వేరే కుటుంబంలోకి మార్చారు. అమ్మాయి పాత పుస్తకం చూసి తికమకపడితే ఇది చెప్పండి.

ఒక్క జాగ్రత్త. ఆరు నెలల్లో మూలికా వైద్యుణ్ణి చేస్తామనే ప్రకటనల జోలికి పోకండి. సర్టిఫికెట్ చేతికొస్తుంది కానీ వైద్యం చేసే హక్కు రాదు. అలా డబ్బు కట్టి మోసపోయిన కుర్రాడు ఒకడు నా ఎదురుగా కూర్చుని ఏడ్చాడు. ఆ ముఖం నేనింకా మర్చిపోలేదు.

పరీక్షలయ్యాక సెలవుల్లో అమ్మాయితో పది హెర్బేరియం షీట్లు చేయించండి. నోట్సులో దాచడం కాదు, పద్ధతిగా. మొక్కను వేరుతో సహా తీసి, మట్టి కడిగి, న్యూస్‌పేపర్ మడతల్లో పరిచి బరువు పెట్టాలి. పేపర్లు రోజూ మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. ఎండాక అట్ట మీద అతికించి ఊరు, తేదీ, ఊళ్లో పిలిచే పేరు, పువ్వు రంగు రాయాలి. ఎండితే రంగు పోతుంది కాబట్టి రంగు మాత్రం కోసిన రోజే రాసుకోవాలి. నాలుగో షీటుకే విసుగొస్తే అదీ మనకు తెలియాల్సిన సంగతే. పదీ పూర్తిచేస్తే ఆ ఫైలు పట్టుకుని ఇద్దరూ వాళ్ల బోటనీ లెక్చరర్ దగ్గరకు వెళ్లండి. మొదటి షీటు బ్రాహ్మితోనే మొదలుపెట్టమనండి. పొలం గట్ల మీద, తడి ఆరని చోట దొరుకుతుంది. పూత ఉన్నప్పుడే తీయాలి.