టెక్సాస్‌లో రేటింగ్ పదికి పది ఉన్న హైస్కూలు కోసం ఇల్లు కొంటే కాలేజీ సీటుకి కలిసొస్తుందా? మా ఇంట్లో జరిగింది చెబుతాను

పాప ఏడో తరగతి, డాలస్ ఉత్తరం వైపు ఇల్లు చూస్తున్నాం, గట్టి పోటీ ఉన్న హైస్కూలు పరిధిలో కొంటే యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) లాంటి చోట సీటుకి పనికొస్తుందా అని అడిగారు. పనికిరాదు. టెక్సాస్‌లో అయితే చాలామందికి బెడిసికొడుతుంది కూడా. మా అమ్మాయి అలాంటి స్కూల్లోనే చదివింది.

మనకి అక్కడి లెక్క బుర్రలోంచి పోదు. ఎంసెట్ అయినా, జేఈఈ అయినా ర్యాంకు అందరికీ కలిపి ఒకటే జాబితా. పక్క బెంచీవాడు గట్టివాడైతే వాడి వల్ల మనకి పోయేది ఒక్క స్థానం, వాడితో పోటీపడి పెరిగేది బోలెడు. అందుకే మా నాన్న నన్ను తీసుకెళ్లి విజయవాడ హాస్టల్లో పడేశారు, ఆయన లెక్క కరెక్టే. ఇక్కడ ర్యాంకు మీ స్కూలు గోడల లోపలే. 1997లో చేసిన చట్టం ప్రకారం రాష్ట్రంలో ఏ హైస్కూల్లోనైనా టాప్ 10 శాతంలో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు ఖాయం. ఆస్టిన్‌కి తాకిడి ఎక్కువైపోయి, 2009లో దానికి సవరణ తెచ్చి రాష్ట్రం పిల్లల సీట్లలో 75 శాతం దాకా ఇలా నింపితే చాలన్నారు. దాంతో వాళ్ల కటాఫ్ తగ్గుతూ వచ్చి, కొన్నేళ్లు 6 దగ్గర ఆగి, 2026 ఫాల్ నుంచి 5 శాతం అయింది. మారుమూల ఊళ్ల పిల్లలకీ దారి ఉండాలని పెట్టిన చట్టం, నేను తప్పు పట్టను. కానీ 500 మంది ఉన్న క్లాసులో 5 శాతమంటే 25 మంది. మనవాళ్లూ, చైనావాళ్లూ, కొరియావాళ్లూ ఏరి కోరి ఇళ్లు కొనుక్కున్న చోట ఆ 25 మందిలో ఉండటం తమాషా కాదు.

మా అమ్మాయి ఆరో తరగతి నుంచి వయోలా (వయోలిన్ కంటే కాస్త పెద్దది) వాయించేది. మా స్కూల్ డిస్ట్రిక్టులో ర్యాంకు తేల్చే జీపీఏ (అన్ని క్లాసుల సగటు) లెక్క ఇలా ఉంటుంది: ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) క్లాసులో వందకి వంద వస్తే 6.0, మామూలు క్లాసులో వందకి వంద వచ్చినా 5.0. ఆర్కెస్ట్రా మామూలు క్లాసు కింద లెక్క, అంటే ఎంత బాగా వాయించినా సగటు కిందికే. పదో తరగతి చివర్లో ఒక రాత్రి మంచినీళ్లకి లేచి వస్తే, డైనింగ్ టేబుల్ దగ్గర ఎక్సెల్ షీటు తెరుచుకుని కూర్చుని ఉంది. ఒక కాలమ్‌లో ఆర్కెస్ట్రాతో జీపీఏ, పక్క కాలమ్‌లో దాని బదులు ఏపీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తీసుకుంటే వచ్చే జీపీఏ. తేడా రెండో దశాంశంలో ఉంది. "మమ్మీ, ఇంత తేడాకే పది మంది ఉంటారు" అంది. ఆ సబ్జెక్టు ఇష్టమా అంటే, "ఈజీ సిక్స్ అంట" అంది. వయోలా అద్దెది, షాపులో తిరిగి ఇచ్చేస్తుంటే కౌంటర్లో కుర్రాడు పెట్టె మూత తీసి చూడకుండానే "జూనియర్ ఇయరా?" అని, అంటే పదకొండో తరగతా అని అడిగాడు. మే నెలలో వాళ్లకి వచ్చేవన్నీ ఇలాంటివేనట.

ఇంతా చేస్తే ర్యాంకు 38 వచ్చింది. అప్పటికి కటాఫ్ ఇంకా 6 శాతమే, మా స్కూల్లో 30 దాకా అన్నమాట.

అదే ఏడాది మా ఆడపడుచు కొడుకు కూడా అప్లై చేశాడు. వాళ్లాయన పశ్చిమ టెక్సాస్‌లో లబ్బక్ అవతల చిన్న ఊళ్లో డాక్టరు. ఆ స్కూల్లో ఏపీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాడు బ్యాండ్‌లో ట్రాంబోన్ ఊదుకుంటూ, శుక్రవారం రాత్రులు ఫుట్‌బాల్ మ్యాచులకి తిరుగుతూ రెండో ర్యాంకు తెచ్చుకున్నాడు. ఆస్టిన్ సీటు దానంతటదే వచ్చింది. ఆడపడుచు ఫోన్ చేసి "అంత పెద్ద స్కూలు కదా వదినా, పాపకి ఎందుకు రాలేదు?" అంది. ఏం చెప్పను? అయితే ఒకటి, ఆ గ్యారంటీ యూనివర్సిటీకే గానీ బ్రాంచికి కాదు. వాడు కంప్యూటర్ సైన్స్ అడిగితే మ్యాథ్స్ ఇచ్చారు. ఈ ముక్క మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ చెప్పరు.

ప్రైవేటు యూనివర్సిటీలకి ర్యాంకు చట్టం లేదు, స్కూలు పేరు చూస్తారు కదా అంటారు కొందరు. చూస్తారు. స్కూల్లో ఏ క్లాసులున్నాయో, నువ్వు ఏవి తీసుకున్నావో చూస్తారు. కాకపోతే అదే స్కూలు నుంచి వెళ్లిన దరఖాస్తులన్నీ పక్కపక్కన పడతాయి, అన్నింటిలోనూ పన్నెండు ఏపీలు, రోబోటిక్స్, డిబేట్, కూచిపూడి అరంగేట్రం. వేల డాలర్లు తీసుకునే ప్రైవేటు కౌన్సెలర్లు ఇక్కడ రంగంలోకి దిగుతారు. మేం మాట్లాడినాయన "దరఖాస్తులో అమ్మాయి ప్యాషన్ కనబడట్లేదండీ" అన్నాడు. ప్యాషన్ షాపులో తిరిగి ఇచ్చేశాం బాబూ అనబోయి మా ఆయన మొహం చూసి ఊరుకున్నా.

ఇంకో సంగతి, రేటింగ్‌లో ఎక్కువ భాగం అక్కడి పిల్లల మార్కులే, ఆ మార్కులు సగం ఇంటి నుంచి తెచ్చుకున్నవే. బోస్టన్, న్యూయార్క్ ఎంట్రన్స్ స్కూళ్లలో కటాఫ్‌కి కాస్త పైన ఉండి సీటొచ్చినవాళ్లనీ, కాస్త కింద ఉండి పోయినవాళ్లనీ ఆర్థికవేత్తలు పోల్చి చూసి, తర్వాతి పరీక్షల మార్కుల్లో పెద్ద తేడా లేదని 2014లో రాశారు. బర్త్‌డే పార్టీల్లో ఈ మాటెత్తితే ప్లేటు పట్టుకుని పక్క గుంపులోకి జరుగుతారు, మళ్లీ కాసేపటికి వచ్చి "ఇంతకీ పాప ర్యాంకెంతండీ?" అని అడుగుతారు.

మా అమ్మాయి టాప్ 10 శాతంలో ఉంది కాబట్టి ఇంకో ప్రభుత్వ యూనివర్సిటీ, టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో చేరింది, ఇంజినీరింగే. మొదటి ఏడాది కాల్‌క్యులస్ హైస్కూల్లో చూసిందే అంటుంది, అది స్కూలు చలవే, కాదనను.

మీరు ఇల్లు చూసేటప్పుడు రియల్టర్‌ని అడక్కండి, వాళ్లకి రేటింగ్ తప్ప తెలీదు. స్కూలు కౌన్సెలర్‌కి మెయిల్ పెట్టి మూడు అడగండి: క్లాసులో ఎంతమంది, పోయినేడు 5 శాతం దగ్గర జీపీఏ ఎంత, ఆర్కెస్ట్రా, బ్యాండ్ మార్కులు ర్యాంకులో కలుపుతారా లేదా. కొన్ని డిస్ట్రిక్టులు కలపవు. మీ పాప ఏదైనా వాయిస్తుంటే మూడోదే ముందు అడగండి.