జాలీ బాయ్ ద్వీపం: ఈత రానివాళ్లు పగడపు దిబ్బలు చూడగలరా?

జనవరిలో అమ్మానాన్నలు, పిల్లలతో అండమాన్‌లోని జాలీ బాయ్‌కి వెళ్తున్నాం, ఈత రాకపోయినా పగడాలు చూడగలమా అని ఒకరు అడిగారు. చూడగలరు. వెళ్లే రోజు ఏ వారమో ముందు చూసుకోండి, సోమవారం పార్కుకు సెలవు. వండూరు దగ్గరున్న ఈ మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో 15 దీవులున్నా పర్యాటకులను పంపేది జాలీ బాయ్, రెడ్ స్కిన్‌లకే, అదీ ఒక్కో సీజనులో ఒక్కోదానికి. జనవరిలో మామూలుగా జాలీ బాయ్ తెరిచి ఉంటుంది.

అటవీ శాఖ పర్మిట్ వేరు, పడవ టికెట్టు వేరు. పర్మిట్ ముందురోజే తీసుకోండి. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి వండూరు జెట్టీకి గంట ప్రయాణం, పడవలు పొద్దున్నే కదులుతాయి. జెట్టీలో సంచులు వెతుకుతారు: ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ ప్యాకెట్లు లోపలికి పోనివ్వరు. దీవిలో కొట్లేమీ లేవు. పులిహోర స్టీలు డబ్బాలో, నీళ్లు స్టీలు సీసాలో తెచ్చుకుంటే గొడవ ఉండదు. పడవ పడనివాళ్లకు వాంతుల మాత్ర గంట ముందే వేయాలి. అది మత్తు తెస్తుంది, వేసుకున్నవాళ్లను నీళ్లలోకి దించొద్దు.

పెద్దవాళ్లకు గాజు అడుగు పడవ చాలు. టికెట్టులో కలిసే రౌండు చిన్నది, పెద్ద రౌండుకు ధర ముందే అడగండి. ఎండ నడినెత్తికి వచ్చేకొద్దీ అడుగు బాగా కనిపిస్తుంది, మబ్బు పట్టినా గాలి లేచినా మసకే.

మిగతావాళ్లు లైఫ్ జాకెట్ వేసుకుని గైడుతో స్నార్కెలింగ్ చేయొచ్చు, అంటే మాస్క్ పెట్టుకుని, నోట్లో గొట్టంతో గాలి పీలుస్తూ నీటి మీద తేలుతూ కిందికి చూడడం. సగం మందికి అనుభవం పాడయ్యేది మాస్క్ వల్లే. పట్టీ వేయకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి వదిలినా అంటుకుని ఉంటే మీ కొలతే. అంచు కింద వెంట్రుక చిక్కినా, మీసం ఒత్తుగా ఉన్నా నీళ్లు కారతాయి. పట్టీ బిగిస్తే కారడం ఆగదు, ఇంకా పెరుగుతుంది. ముక్కుతో ఊపిరి వదిలితే ఆ ఆవిరి అద్దానికి పడుతుంది, నోటితోనే వదలాలి. అద్దం లోపల ఉమ్మి రాసి కడిగితే ఆవిరి పట్టదు. వినడానికి రోతగానే ఉంటుంది, పని మాత్రం చేస్తుంది.

ఫొటోల్లో చూసిన రంగులు ఆశించొద్దు. నీళ్లు ఎరుపును ముందే మింగేస్తాయి, పైగా బతికున్న పగడం చాలావరకు గోధుమ రంగులోనే ఉంటుంది. ఆ రంగు దాని కణజాలంలో కాపురముండే సూక్ష్మ శైవలాలది (కంటికి కనపడనంత చిన్న నాచు). సముద్రం వేడెక్కితే పగడం వాటిని వెళ్లగొట్టి తెల్లబడుతుంది, 2010లో అండమాన్‌లో పెద్ద ఎత్తున జరిగింది అదే. తెల్లగా మెరిసేది అందమనుకోకండి, జబ్బు.

అలసిపోతే దిబ్బ మీద నిలబడొద్దు, వెల్లకిలా తేలండి. పగడం గీరిన గాయం మానడానికి చాలా రోజులు పడుతుంది, వెంటనే మంచినీళ్లతో కడగాలి.

ఒడ్డున పడున్న పగడం ముక్క పిల్లలు జేబులో వేసుకున్నా నేరమే: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది. విమానం ఎక్కే ముందు పిల్లల జేబులు, బ్యాగులు మీరే ఒకసారి దులపండి.