ఓరుగల్లులో బీఐ బృందం: పాఠకులు అడిగినవి

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. అమ్మకాలు, స్టాకు, వసూళ్ల లెక్కలను రిపోర్టులుగా, డాష్‌బోర్డులుగా మలిచే పనిని బిజినెస్ ఇంటెలిజెన్స్, పొట్టిగా బీఐ అంటున్నాం. మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్ బీఐ, టాబ్లో వంటివి ఆ పనికి వాడే సాఫ్ట్‌వేర్లు. ఆ పని చేసేవాళ్లు మన వైపు ఇప్పుడు తక్కువేం లేరు. 2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు తెరుచుకున్నాయి. అదే ఏడాది కరీంనగర్‌కు ఐటీ టవర్ వచ్చింది. హైదరాబాద్ కంపెనీలకు ఇంటి నుంచే పనిచేసేవాళ్లు సరేసరి. వీళ్లంతా ఒకచోట కూర్చోవడం ఎలా అన్నదే అందరి ప్రశ్న.

పవర్ బీఐ డెవలపర్, హనుమకొండ: మాకు తెలిసినవాళ్లం ఓ పదిమంది ఉన్నాం. చిన్న మీటింగ్ అన్నా హైదరాబాద్ పోవాల్సి వస్తున్నది. ఇక్కడే బృందం పెట్టాలంటే ఎంతమందితో, ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలి?

పదిమంది ఉంటే ఇంకెవరి కోసమూ ఆగకండి. మొదటి మూడు నెలలు ఆరుగురు వచ్చినా చాలు. ముప్పైమందితో మొదలైతే ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు.

రోజు సంగతికొస్తే నాలుగో శనివారం పెట్టుకోండి. బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు కాబట్టి బ్యాంకు వాళ్లకు రెండూ కుదురుతాయి. అయితే రెండో శనివారం 8, 14 తేదీల మధ్య పడుతుంది. నెలనెలా జీఎస్‌టీ వేసేవాళ్లకు అమ్మకాల వివరాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1 గడువు 11వ తేదీ. అకౌంట్స్ వాళ్లు, వాళ్లకు రిపోర్టులు తీసిచ్చేవాళ్లు ఆ రోజుల్లో తల ఎత్తరు. నాలుగో శనివారం 22, 28 తేదీల మధ్య వస్తుంది. అప్పటికి 20వ తేదీన పడే పన్ను చెల్లింపు రిటర్న్ (జీఎస్‌టీఆర్-3బీ) గడువు దాటిపోతుంది, నెలాఖరు హడావిడి ఇంకా మొదలుకాదు. చాలా కాలేజీలు నడిచే శనివారమే కాబట్టి ల్యాబ్ తాళం తీసే మనిషీ దొరుకుతాడు. శుక్రవారం రాత్రి రైలుకు ఇల్లు చేరినవాళ్లు పొద్దున పదిన్నరకు రాగలరు.

మార్చి వదిలేయండి, ఇయర్ ఎండింగ్‌లో ఎవరూ రారు. సద్దుల బతుకమ్మ గానీ మేడారం జాతర గానీ అడ్డొచ్చిన నెలలో తేదీ మార్చడం కంటే ఆ నెల మానుకోవడమే నయం. ఒక్కసారి తేదీ జరిపితే ప్రతి నెలా ‘ఈసారి ఎప్పుడు’ అనే ఫోన్లు మొదలవుతాయి.

చోటుకు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ గానీ ఎవరిదైనా ఆఫీసు శిక్షణ గది గానీ చూడండి. హోటల్ హాలు వద్దు, అద్దె కట్టడం కోసమే చందాలు వసూలు చేయాల్సి వస్తుంది. కాలేజీల్లో పాత ప్రొజెక్టర్లకు వీజీఏ తీగే ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్‌లకు హెచ్‌డీఎంఐ లేదా టైప్-సీ మాత్రమే. రెండు రకాల కన్వర్టర్లూ బృందం సొంతంగా కొనిపెట్టుకోవాలి. క్యాంపస్ వైఫై బయటివాళ్లకు లాగిన్ ఇవ్వదు. ల్యాబ్ కంప్యూటర్లలో ఇన్‌స్టాల్ చేసే అనుమతీ ఉండదు. అందుకే సాఫ్ట్‌వేర్ ఇంటి దగ్గరే వేసుకుని రమ్మని వారం ముందే చెప్పాలి. ఇన్‌స్టాలర్, ఆ నెల డేటా ఫైళ్లు రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టుకోవాలి. వచ్చాక పదిమంది ఒకే హాట్‌స్పాట్ మీద వందల ఎంబీల ఇన్‌స్టాలర్ దించడం మొదలెడితే ఆ పూట అక్కడితో సరి.

డేటా అనలిస్టు, జనగామ: కంపెనీ డేటా బయట చూపించలేం. శాంపిల్ డేటా అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల అడ్వెంచర్ వర్క్స్ సైకిళ్ల కంపెనీయే దిక్కు. దానితో విసుగొచ్చింది. అందరం కలిసి చేసుకోవడానికి మన దగ్గరి డేటా ఏమైనా ఉందా?

ఉంది, కావలసినంత. తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ల ఆదాయం, వాహనాల అమ్మకాలు, కరెంటు వాడకం జిల్లాలవారీగా, ప్రాంతాలవారీగా దొరుకుతాయి. మార్కెట్ యార్డుల ధరలకు కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్ ఉంది. ఆరు నెలలపాటు ఒకే డేటా పట్టుకోండి. నెలకో కొత్త ఫైలు తెస్తే ప్రతిసారీ శుభ్రం చేయడంతోనే సరిపోతుంది, లోతుకు పోరు.

మన డేటాతో ఒక లాభముంది. చిక్కు కూడా అసలైనదే దొరుకుతుంది. ఉదాహరణకు ‘వరంగల్’ అన్న ఒక్క పేరే చూడండి. 2016 అక్టోబరు 11కు ముందు అది ఉమ్మడి జిల్లా. ఆ రోజు అది వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లిగా విడిపోయింది. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరయింది. 2021 ఆగస్టులో అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. ఇప్పుడు 2015 వరంగల్‌నూ 2022 వరంగల్‌నూ ఒకే గీత మీద పెట్టి ఆదాయం కుప్పకూలిందని చూపించే డాష్‌బోర్డు ఎంత అందంగా ఉన్నా అబద్ధమే.

దీన్ని ‘రూరల్’ తీసేసి ‘వరంగల్’ అని రీప్లేస్ కొట్టి దాటేద్దామంటే కుదరదు. 2021లో పేర్లతో పాటు మండలాలూ మారాయి. పరకాల హనుమకొండకు పోయింది. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు కొత్త వరంగల్‌లో చేరాయి. పోనీ అన్నీ కలిపి ఉమ్మడి జిల్లాకు తీసుకుపోదామన్నా లెక్క సరిగ్గా కుదరదు. 2016లోనే చేర్యాల సిద్దిపేటకు వెళ్లింది, కరీంనగర్ వైపున్న కమలాపూర్ ఇటు వచ్చింది, ఖమ్మం జిల్లా గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లో కలిశాయి.

చేయాల్సిందల్లా మండలం స్థాయిలో ఒక డైమెన్షన్ టేబుల్, అంటే వివరాల పట్టిక. మండలానికి మీ సొంత కోడ్ ఒకటి, పేరు, అది ఏ జిల్లాలో ఉంది, ఆ జిల్లాలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, 2016కు ముందు ఏ ఉమ్మడి జిల్లా. మండలం జిల్లా మారిన ప్రతిసారీ పాత వరుసకు ముగింపు తేదీ వేసి కొత్త వరుస చేర్చాలి. పాఠాల్లో స్లోలీ ఛేంజింగ్ డైమెన్షన్ టైప్-2 అని చదివి మరచిపోయేది ఇదే. ఇంటర్వ్యూలో ఇది మీ మాటల్లో చెప్పగలిగితే సైకిళ్ల కంపెనీ ఉదాహరణ అవసరం రాదు. డేటా జిల్లా స్థాయిలోనే ఉన్నప్పుడు 2016కు ముందూ వెనకా పోల్చకుండా ఉండటమే నిజాయితీ. తప్పదంటే గ్రాఫు మీద ఆ తేదీ దగ్గర గీత గీసి రాయండి. పేర్ల స్పెల్లింగులు ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా ఉంటాయి కాబట్టి, పేరు మీద కాకుండా కోడ్ మీద పట్టికల మధ్య రిలేషన్‌షిప్ (లంకె) కట్టండి.

కంపెనీ డేటా గురించి ఒక హెచ్చరిక. ఇంపోర్ట్ పద్ధతిలో చేసిన పవర్ బీఐ ఫైలులో (పీబీఐఎక్స్) డేటా మొత్తం లోపలే ఉంటుంది. పేజీ దాచినా, కాలమ్ దాచినా ఫైలు అందుకున్నవాళ్లు తెరిచి చూడగలరు. మోడల్ (పట్టికలు, వాటి మధ్య లంకెలు) మాత్రమే చూపాలంటే పీబీఐటీ టెంప్లేట్‌గా సేవ్ చేయాలి. అందులో డేటా వరుసలు రావు. కానీ క్వెరీల్లో సర్వర్ పేర్లు, ఫోల్డర్ దారులు, చేత్తో ఎక్కించిన చిన్న టేబుళ్లు ఉండిపోతాయి, అవీ తుడవాలి. టాబ్లోలో టీడబ్ల్యూబీఎక్స్ ప్యాకేజీ డేటాను వెంట మోసుకుపోతుంది. ఇక పవర్ బీఐలో ‘పబ్లిష్ టు వెబ్’ నొక్కితే ఆ లింకు దొరికిన ఎవరైనా లాగిన్ లేకుండా చూడొచ్చు. బృందంలో ఆఫీసు డేటాతో ఆ బటన్ ముట్టకూడదన్నది మొదటి రోజే చెప్పండి.

ఎంబీఏ విద్యార్థిని, కరీంనగర్: నా దగ్గర 4 జీబీ ల్యాప్‌టాప్, జీమెయిల్ మాత్రమే ఉన్నాయి. పవర్ బీఐ సైన్‌ఇన్ కానివ్వడం లేదు. నాలాంటివాళ్లను బృందంలో రానిస్తారా?

రానివ్వాలి. సైన్‌ఇన్ లేకుండానే పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితంగా నడుస్తుంది, విండోస్ ఉంటే చాలు. జీమెయిల్‌తో కుదరనిది ఆన్‌లైన్ సర్వీసు. దానికి ఆఫీసు లేదా కాలేజీ ఇచ్చిన ఖాతా కావాలి. మీ కాలేజీ మైక్రోసాఫ్ట్ ఖాతాలు ఇస్తుందేమో ముందు అడగండి. బృందంలో ఫైలు తెర మీద విప్పి చూసుకోవడానికి సర్వీసు అక్కర్లేదు. బ్రౌజర్‌లోనే చేయాలంటే గూగుల్ వాళ్ల లుకర్ స్టూడియో జీమెయిల్‌తో ఉచితం.

4 జీబీ మీద ఇబ్బంది ఉంటుంది, దాచడానికేం లేదు. ఆప్షన్లలో డేటా లోడ్ కింద ‘ఆటో డేట్ టైమ్’ తీసేయండి. అది ప్రతి తేదీ కాలమ్‌కూ తెలియకుండా ఒక దాచిన క్యాలెండర్ తయారుచేస్తుంది. వాడని కాలమ్‌లు, పవర్ బీఐలో డేటాను శుభ్రం చేసే భాగమైన పవర్ క్వెరీలోనే తొలగించండి. తేదీ, సమయం ఒకే కాలమ్‌లో ఉంటే విడదీయండి. కాలమ్‌లో వేర్వేరు విలువలు ఎంత తక్కువైతే డేటా అంత చిన్నగా కుదించుకుపోతుంది. సెకన్లతో సహా ఉన్న సమయం ఒక్కటే మొత్తం మెమొరీని మింగేయగలదు.

అడ్తి వ్యాపారి, ఎనుమాముల: ట్యాలీ నుంచి తీసిన సీఎస్‌వీ ఫైలుతో మా అబ్బాయి పవర్ బీఐలో మిర్చి అమ్మకాల రిపోర్టు చేశాడు. ఏప్రిల్ అమ్మకాలు కొన్ని మార్చిలో, కొన్ని డిసెంబరులో కనిపిస్తున్నాయి. ఇలాంటివి ఈ బృందాల్లో అడగొచ్చా, సాఫ్ట్‌వేర్ వాళ్లకేనా?

ఏప్రిల్ 3, అంటే 03/04, అమెరికా పద్ధతిలో మార్చి 4 అయింది. ఏప్రిల్ 12 డిసెంబరు 4 అయింది. 13 నుంచి పై తేదీలు ఎర్రర్‌గా పడి ఉంటాయి చూడండి, రోగం గుర్తుపట్టేది దానితోనే. పవర్ క్వెరీ మామూలుగా మొదటి 200 వరుసలు చూసి కాలమ్ రకం తేలుస్తుంది. ఫైలు నెల మొదటి తేదీలతో మొదలైతే దానికి అనుమానమే రాదు.

అబ్బాయితో చెప్పండి: పవర్ క్వెరీ తనంతట తాను వేసిన ‘ఛేంజ్‌డ్ టైప్’ మెట్టును ముందు తీసేయాలి. తర్వాత తేదీ కాలమ్ మీద రైట్ క్లిక్ చేసి, ఛేంజ్ టైప్‌లో ‘యూజింగ్ లొకేల్’ ఎంచుకుని, ఇంగ్లిష్ ఇండియా పెట్టాలి. పాత మెట్టు ఉంచి పైన కొత్తది వేస్తే చెడిన తేదీలే మళ్లీ తేదీలవుతాయి. ఏడాది మొత్తాలకు సంవత్సరాంతం మార్చి 31 అని చెప్పాలి. చెప్పకపోతే పవర్ బీఐ డిసెంబరు 31 అనుకుంటుంది. మీ మిర్చి రకాల పేర్లకూ ఒక పట్టిక కావాలి. తేజను మూడు స్పెల్లింగుల్లో ఎక్కించి ఉంటారు, చపాటను ఒక గుమాస్తా టమాట అని రాసి ఉంటాడు. చివరికి నెల మొత్తం క్వింటాళ్లు తక్‌పట్టీల (యార్డు అమ్మకపు చీటీల) మొత్తంతో సరిపోవాలి. సరిపోయేదాకా రంగులు, బొమ్మల జోలికి పోవద్దు.

బృందానికి మీరు రావడమే మంచిది. నెలకో వ్యాపారి తన సమస్యతో వచ్చి కూర్చుంటే, ఏ సంఖ్య చూసి ఆయన ఏం నిర్ణయించుకుంటాడో రిపోర్టులు చేసేవాళ్లకు ఎదురుగా తెలుస్తుంది. ఖరీదుదారుల పేర్లు, బాకీలు మాత్రం తీసేసి తీసుకురండి.

సీనియర్ కన్సల్టెంటు, మంచిర్యాల: మేం నలభైమందితో మొదలుపెట్టాం. ఏడాది తిరగకుండా ఏడుగురం మిగిలాం. వాట్సాప్ గ్రూపులో ఉద్యోగ ప్రకటనలు, కోచింగ్ సెంటర్ల పోస్టర్లు తప్ప ఏమీ లేవు. ఎక్కడ దెబ్బతిన్నాం?

మీ ఉత్తరంలోనే ఉంది. నెలనెలా ఒక స్పీకర్, గంటన్నర స్లైడ్లు అని రాశారు. అదే పాఠం ఇంట్లో కూర్చుని వీడియోలో చూడొచ్చు. దానికి శనివారం పాడుచేసుకుని ఎందుకొస్తారు? మనుషులు వచ్చేది ఇంట్లో దొరకనిదాని కోసం: తన ఫైలును ఇంకొకరు విప్పి చూసి తప్పు చెప్పడం కోసం.

రెండున్నర గంటలు ఇలా నడపండి. మొదటి ముప్పావుగంట ఒక సభ్యుడి రిపోర్టు తెర మీద పెట్టండి. చేసినవాళ్లు ఐదు నిమిషాలకు మించి మాట్లాడకూడదు. ముందు ఈ రిపోర్టు ఎవరి ఏ ప్రశ్నకు జవాబు అన్నది అడగండి. తర్వాత మోడల్ వ్యూ తెరిచి స్టార్ స్కీమా (మధ్యలో లావాదేవీల పట్టిక, చుట్టూ వివరాల పట్టికలు) ఉందా, రెండు వైపులా ఫిల్టరయ్యే రిలేషన్‌షిప్‌లు ఎక్కడున్నాయి, ఎందుకున్నాయి అన్నది చూడండి. ఆపైన ఒక సంఖ్య ఎంచుకుని మూలం ఫైలులోని మొత్తంతో సరిచూడండి. నెమ్మదిగా ఉంటే పెర్ఫార్మెన్స్ ఎనలైజర్ పెట్టి ఏ విజువల్ ఎన్ని మిల్లీసెకన్లు తింటోందో, అందులో పవర్ బీఐ ఫార్ములాల భాష డాక్స్ వాటా ఎంతో చూడండి. రంగులు, ఫాంట్లు చివర. ఈ వరుస తప్పితే చర్చంతా గుండ్రటి ‘పై’ చార్టు పక్కన లెజెండ్ (ఏ రంగు దేనిదో చెప్పే సూచిక) ఎక్కడుండాలన్న దగ్గరే ఆగిపోతుంది, మేం చూసిన బృందాలన్నింటిలో ఇదే తంతు.

తర్వాతి గంట అందరూ ఒకే సమస్య చేయాలి, ఇద్దరికో ల్యాప్‌టాప్ చొప్పున. టాబ్లో వాళ్లు టాబ్లోలో, ఎస్‌క్యూఎల్ వాళ్లు ఎస్‌క్యూఎల్‌లో. జవాబు ఒకే సంఖ్య రావాలి. రాకపోతే ఎందుకు రాలేదో వెతకడమే ఆ రోజు పాఠం. పవర్ బీఐ బృందమని పేరు పెట్టకండి, మిగతా టూల్స్ వాళ్లు మొదటి నెలే జారిపోతారు. మిగిలిన సమయం ఆఫీసు ప్రశ్నలకు, చాయ్‌కి.

వాట్సాప్‌లో రెండు గ్రూపులు చేయండి. ఒకటి అడ్మిన్లు మాత్రమే రాసేది, తేదీ, చోటు, ఫైలు లింకు కోసం. రెండోది ప్రశ్నలకు. ఉద్యోగ ప్రకటన పెట్టేవాళ్లు కంపెనీ పేరు, ఊరు, జీతం అంచనా రాయాలి, లేకపోతే తీసేయాలి. కోచింగ్ వాళ్లను మనుషులుగా రానివ్వండి, పోస్టర్లతో వద్దు. లేని అనుభవం సర్టిఫికెట్లు ఇప్పిస్తామనేవాళ్లు దూరితే అదే రోజు బయటికి పంపండి. ఇక్కడ మొహమాటపడితే అనుభవమున్నవాళ్లు నోరెత్తకుండా తప్పుకుంటారు.

బాధ్యతలు ముగ్గురికి పంచండి: ఒకరు గది, ఒకరు వచ్చే నెల రిపోర్టు ఎవరిదో పట్టుకోవడం, ఒకరు జరిగింది ఒక పేజీ రాసి పెట్టడం. ఆరు నెలలకోసారి మార్చండి. అన్నీ మీరొక్కరే మోశారని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

ప్రైవేటు బ్యాంకు ఉద్యోగి, కాజీపేట: బృందాన్ని రిజిస్టర్ చేయించాలా?

ఇప్పుడే వద్దు. సొసైటీగా రిజిస్టర్ చేయాలంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి, బైలాలు రాయాలి, ఏటా లెక్కలు, సర్వసభ్య సమావేశం చూసుకోవాలి. మీకు డబ్బు చేతులు మారనంతవరకు ఇదంతా అనవసరపు బరువు. చాయ్ ఖర్చు అక్కడికక్కడే పంచుకోండి, ఒకరి సొంత ఖాతాలో చందాలు జమ చేయించకండి. ఏదైనా కంపెనీ స్పాన్సర్ చేస్తానంటే నగదు కాకుండా గది, ప్రొజెక్టర్ ఇమ్మనండి. ఏటా పెద్ద సదస్సు పెట్టి రుసుము తీసుకునే రోజు వస్తే అప్పుడు ఆడిటర్‌ను కలవండి.