హోటల్ సర్వేకి ఇంగ్లీష్ స్కేల్‌ను తెలుగు చేసుకుంటే సరిపోతుందా?

వరంగల్ లాడ్జీల మీద పరిశోధన చేస్తున్నానని, సేవల నాణ్యతను కొలిచే ఇంగ్లీష్ ప్రశ్నల పట్టిక సర్వ్‌క్వాల్‌ను గైడ్ అనువదించుకోమన్నారని, అది సరిపోతుందా అని మీరు అడిగారు. చాలదండీ. అదే పని చేసి నేను ఏడాది పోగొట్టుకున్నాను.

1988లో పరశురామన్, జైథామల్, బెర్రీ ఆ 22 ప్రశ్నలను తయారు చేసింది అమెరికాలో బ్యాంకులు, క్రెడిట్ కార్డులు, రిపేరు షాపులు, టెలిఫోన్ కంపెనీల కస్టమర్లను అడిగి. లాడ్జిలో దిగిన మనిషి అందులో లేడు.

పెళ్లిళ్ల సీజన్‌లో హన్మకొండ బస్టాండు దగ్గరి ఒక లాడ్జిలో కూర్చున్నాను. ములుగు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఫారం తీసుకున్నాడు. ‘సిబ్బంది మీపై వ్యక్తిగతంగా దృష్టి పెడతారు’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. "మా మీద దృష్టి ఎందుకు బిడ్డా, మేమేమన్న దొంగలమా?" అన్నాడు. నేను వివరించేలోపే, బకెట్‌తో నిలబడ్డ రూమ్ బాయ్‌ని చూసి, "పోరడు మంచోడే. వాని కొలువుకేం కాకుండ నువ్వే మంచిగ రాసుకో" అని పెన్ను నా చేతిలో పెట్టాడు.

మిగతావాళ్లూ అంతే. ఒకరు పైనుంచి కిందిదాకా ఐదు మార్కులు, ఇంకొకరు నాలుగు మార్కులు. లెక్క వేస్తే, జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొంతన కుదురుతాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.9 దాటింది. 0.7 దాటితే చాలన్న మా గైడ్ సంబరపడ్డారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. చదవకుండా ఒకే గడిలో టిక్కులు పెట్టుకుంటూ పోయినా ఆల్ఫా పెరుగుతుంది. జవాబులు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయని అది చెబుతుందే గానీ, మనం కొలవాలనుకున్నదే కొలిచామని చెప్పదు. ఇక గూగుల్ ఫారం వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి, లాడ్జి మెట్లెక్కని క్లాస్‌మేట్లతో నింపించే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రెండోసారి ముందు ఫారమే తీసుకెళ్లలేదు. రూమ్ ఖాళీ చేసి ఆటో కోసం చూస్తున్నవాళ్ల దగ్గర కూర్చుని, ఏం నచ్చింది, ఎక్కడ కోపమొచ్చింది అని అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకున్నాను. ఆ మాటలతోనే ప్రశ్నలు కట్టి, ఒక్కొక్కటీ చదివి వినిపించి, "మీకేం అర్థమైంది?" అని అడిగాను. తడబడ్డవి కొట్టేశాను. ఒక గుంపు జవాబులతో ఫ్యాక్టర్ అనాలిసిస్ (ఏయే ప్రశ్నలు కలిసి ఒకే విషయాన్ని కొలుస్తున్నాయో చూసే లెక్క) చేసి, వేరే గుంపు మీద మళ్లీ సరిచూశాను. ఫారాలు నింపించింది బస్టాండులో, లాడ్జి మనుషులెవరూ లేనిచోట.

‘పొద్దున ఐదింటికి అడిగినా వేడినీళ్లు ఇచ్చారు’ అని చదివినప్పుడు మనుషులు ఒక్క క్షణం ఆగి, గుర్తు తెచ్చుకుని టిక్కు పెట్టారు. ఆ వరుసలో ఒకట్లు, రెండ్లు కూడా పడ్డాయి.