జవాబు: 2 కెల్విన్ దాకా ఆర్డర్ రాకపోతే స్పిన్ లిక్విడ్ అయినట్టేనా?

గచ్చిబౌలి ల్యాబ్‌లో చేసిన ఇటర్బియం మెగ్నీషియం గాలియం ఆక్సైడ్‌లో 2 కెల్విన్ దాకా మ్యాగ్నెటిక్ ఆర్డర్ కనిపించలేదు, దీన్ని క్వాంటం స్పిన్ లిక్విడ్ (ఎంత చల్లబరిచినా స్పిన్‌లు, అంటే పరమాణువుల చిన్న అయస్కాంతాలు, ఒక క్రమంలోకి రాకుండా కదులుతూనే ఉండే స్థితి) అని రాసేయొచ్చా అని అడిగారు. అప్పుడే రాయకండి. దీని క్యూరీ-వైస్ ఉష్ణోగ్రత (స్పిన్‌ల మధ్య బలం ఎంతో చెప్పే కొలత) సుమారు మైనస్ 4 కెల్విన్ మాత్రమే. స్పిన్‌ల మధ్య బలమే అంత తక్కువైనప్పుడు 2 కెల్విన్ దగ్గర ఆర్డర్ రాకపోవడంలో వింతేమీ లేదు.

మీ ఫిట్‌లో ఈ ఉష్ణోగ్రతకి పెద్ద సంఖ్య వచ్చింది, దాన్ని 150-300 కెల్విన్ మధ్య డేటాకి వేయడం వల్లే. అక్కడ ఇటర్బియం పై క్రిస్టల్ ఫీల్డ్ స్థాయిల (చుట్టూ ఉన్న అయాన్ల వల్ల విడిపోయిన శక్తి స్థాయిల) ప్రభావం కలిసిపోతుంది. వాన్ వ్లెక్ భాగం (ఆ పై స్థాయిల వల్ల వచ్చే, ఉష్ణోగ్రతతో దాదాపు మారని భాగం) తీసేసి, 20 కెల్విన్ లోపు వేసి చూడండి.

అసలు చిక్కు వేరే ఉంది. మెగ్నీషియం, గాలియం ఒకే స్థానాల్లో కలగాపులగంగా కూర్చుంటాయి. దానివల్ల స్పిన్ గ్లాస్ (స్పిన్‌లు అడ్డదిడ్డంగా గడ్డకట్టిన స్థితి) వచ్చినా, చాలా కొలతల్లో అది స్పిన్ లిక్విడ్‌లాగే కనిపిస్తుంది. 2018లో ఏసీ ససెప్టిబిలిటీలో (అటూ ఇటూ మారే అయస్కాంత క్షేత్రానికి పదార్థం స్పందించే తీరు కొలతలో) సుమారు 0.1 కెల్విన్ దగ్గర స్పిన్‌లు గడ్డకట్టే గుర్తు దొరికింది కూడా. ఒక కెల్విన్ కంటే బాగా కిందికి చల్లబరిచే డైల్యూషన్ ఫ్రిజ్‌లో దాన్ని వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో కొలవండి; ఫ్రీక్వెన్సీతో పాటు ససెప్టిబిలిటీ శిఖరం పక్కకి జరిగితే గ్లాస్‌నే ముందు అనుమానించాలి.

నేనైతే సోడియం ఇటర్బియం ఆక్సైడ్‌కి మారతాను. అదీ త్రిభుజాకార జాలకమే, ఈ కలగాపులగం ఉండదు. తయారీలో వేడికి సోడియం ఆవిరైపోతుంది, సోడియం కార్బొనేట్ కాస్త ఎక్కువ వేయండి. మన వానాకాలం తేమ తగలకుండా శాంపిల్ గ్లవ్ బాక్స్‌లోనే ఉంచండి.