వయసు అడిగింది, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది

ప్రశ్న: సి ల్యాబ్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. ముందు వయసు అడుగుతుంది, కీబోర్డ్ నుంచి చదివే స్కాన్‌ఎఫ్‌లో పర్సెంట్ డి (అంకెలకి). తర్వాత ‘కొనసాగించాలా? వై/ఎన్’ అని అడుగుతుంది, అక్కడ పర్సెంట్ సి (ఒక్క క్యారెక్టర్‌కి). రెండో ప్రశ్న స్క్రీన్ మీదికి వస్తుంది కానీ నా జవాబు కోసం ఆగదు. ఎఫ్‌ఫ్లష్‌లో స్టడ్‌ఇన్ (కీబోర్డ్ ఇన్‌పుట్) పెట్టమని సీనియర్ చెప్పారు. ల్యాబ్‌లో పని చేసింది, ఇంట్లో లినక్స్‌లో చేయలేదు.
– బీటెక్ మొదటి సంవత్సరం విద్యార్థిని, కాకినాడ

జవాబు: దానికి జవాబు ముందే దొరికిపోయిందమ్మా, ఇంక ఎందుకు ఆగుతుంది? మీరు 19 కొట్టి ఎంటర్ నొక్కితే లోపలికి వెళ్లేవి మూడు క్యారెక్టర్లు: 1, 9, ఆ ఎంటర్ తాలూకు న్యూలైన్. పర్సెంట్ డి అంకెలు రెండూ తీసుకుని, న్యూలైన్ ఎదురవగానే అది తనకి పనికిరాదని అక్కడే వదిలేస్తుంది. వెనకే వచ్చిన పర్సెంట్ సి కి అదే దొరుకుతుంది, న్యూలైన్ కూడా ఒక క్యారెక్టరే కదా, తీసుకుని వెళ్లిపోతుంది. నమ్మకం కుదరకపోతే ఆ వేరియబుల్‌ని పర్సెంట్ డి తో ప్రింట్ చేసి చూడండి, 10 వస్తుంది. న్యూలైన్ కోడ్ అదే.

రెండో స్కాన్‌ఎఫ్‌లో కోట్ తెరవగానే, పర్సెంట్ గుర్తుకి ముందు ఒక స్పేస్ పెట్టండి, చాలు. స్పేసులు, ట్యాబులు, న్యూలైన్లు ఎన్నున్నా దాటేస్తుంది. పర్సెంట్ డి, పర్సెంట్ ఎస్ ఈ పని అడక్కుండానే చేస్తాయి, పర్సెంట్ సి చేయదు, గొడవంతా అక్కడే. ఆ స్పేస్‌ని పొరపాటున మొదటి స్కాన్‌ఎఫ్‌లో పర్సెంట్ డి తర్వాత పెట్టేరు, అప్పుడు ఎన్నిసార్లు ఎంటర్ నొక్కినా, ఇంకేదైనా అక్షరం కొట్టేదాకా ప్రోగ్రామ్ కదలదు.

ఎఫ్‌ఫ్లష్ ఉన్నది అవుట్‌పుట్ కోసం. స్టడ్‌ఇన్ మీద వాడితే ఏం జరగాలో సి ప్రమాణంలో లేదు. కొన్ని కంపైలర్లు వాటంతట అవే బఫర్ (చదవకుండా మిగిలిన ఇన్‌పుట్ ఉండే చోటు) ఖాళీ చేసేవి, అందుకే ఆ చిట్కా సీనియర్ల రికార్డుల్లోంచి జూనియర్ల రికార్డుల్లోకి ఇంకా దిగుతూనే ఉంది. నన్నడిగితే లైను మొత్తం ఎఫ్‌గెట్స్‌తో చదివి, తర్వాత ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో విడదీసుకోవడం మేలు. ‘ఎఫ్’ లేని గెట్స్ జోలికి మాత్రం వెళ్లకండి, 2011 ప్రమాణంలో దాన్ని తీసేశారు.

ప్రశ్న: గెట్‌చార్‌తో ఫైల్లో అక్షరాలు లెక్కపెడుతున్నాను. ‘తెలుగు’ అన్న ఒక్క మాట ఉన్న ఫైలుకి 19 చూపిస్తోంది!
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: మీ లెక్క కరెక్టే, కాకపోతే అది బైట్ల లెక్క. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, ఈ ఆరూ యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) తలా 3 బైట్లు, అంటే 18. మిగిలిన ఒకటి లైను చివరి న్యూలైన్. 128 నుంచి 191 దాకా ఉన్న బైట్లను, అంటే ఒక్కోదానిలో మొదటి బైట్ కాని వాటిని, లెక్కలోకి తీసుకోకపోతే న్యూలైన్‌తో కలిపి 7 వస్తుంది. గుణింతాలు కలిపి మూడే రావాలంటే ఎత్వాలూ కొమ్ములూ న్యూలైనూ గుర్తుపట్టి వదిలేసే కోడ్ వేరే రాసుకోవాలి.

ఇంకోటి, గెట్‌చార్ ఇచ్చేది ఇంట్ (పూర్ణాంకం), దాన్ని ఒక్క బైటే పట్టే చార్‌లో పెట్టుకోకండి. తెలుగు అక్షరం మొదటి బైట్ 224, చార్‌లో పెడితే మామూలు పీసీ మీద అది -32 అయి కూర్చుంటుంది. 255 అయితే -1 అవుతుంది, చాలా సిస్టమ్స్‌లో ఈఓఎఫ్ (ఫైలు అయిపోయిందనే గుర్తు) విలువా అదే. యూటీఎఫ్-8లో 255 రాదు కాబట్టి టెక్స్ట్ ఫైళ్లతో ఈ తప్పు బయటపడదు. జేపెగ్ ఫొటో ఇచ్చి చూడండి, దాని మొదటి బైటే 255, లూప్ అక్కడే ఫైలు అయిపోయిందనుకుని సున్నా చూపిస్తుంది.